కాలిబాటకు కాలే కాపలా

మా అమ్మాయి, అల్లుడు మాంచెస్టర్‌లో కాపురం పెట్టి పదకొండేళ్ళు దాటింది. "ఒక్కసారి వచ్చిపోండి" అని అమ్మాయి ఏటా పిలవడం, "వచ్చే ఏడు చూద్దాంలే" అని మేము ఏటా తప్పించుకోవడం మామూలైపోయింది. 2020లో మావారు పోయారు. ఆ తర్వాత రెండేళ్ళు నేను గడప దాటింది తక్కువ. కూరలబండి ఇంటి ముందుకే వస్తుంది, పాలు ఇంటికే వస్తాయి, ఇక బయట నాకేం పని అనుకున్నాను. చివరికి 2022 మే నెలలో అమ్మాయి టికెట్టు పంపి, "ఈసారి నిన్ను అడుగుత లేనమ్మా, చెప్తున్నా" అన్నది. అలా నా అరవై నాలుగో ఏట మొదటిసారి విమానమెక్కాను.

ఇంగ్లండు వెళ్ళివచ్చినవాళ్ళు సాధారణంగా లండన్ వంతెన గురించీ, రాజుల కోటల గురించీ, మైనపు బొమ్మల గురించీ చెబుతారు. నేను వాటిని దగ్గరగా చూడనేలేదు. నేను చూసింది కాలిబాటలు. అవీ ఒక విశేషమేనా అని మన సోదరీమణులు నవ్వవచ్చు. మొదట్లో నేనూ నవ్వాను.

పొలం ఆయనది, తొవ్వ అందరిది

వెళ్ళిన మొదటి ఆదివారం అమ్మాయి, అల్లుడు, పదకొండేళ్ళ మనవరాలు నన్ను కారులో ఊరి బయటకు తీసుకెళ్ళారు. ఒక పొలం దగ్గర దిగాం. పచ్చిక బీడు, రాతిగోడ, గోడకొక చిన్న గేటు. దాని పక్కన కొయ్య స్తంభం, దానిమీద వేలు చూపినట్టుగా ఒక పలక. మనవరాలు గేటు తీసి లోపలికి నడిచింది. లోపల గొర్రెలు మేస్తున్నాయి. దూరాన రైతు ఇల్లు కనిపిస్తోంది. నాకు కాళ్ళు రాలేదు.

"ఎవరిదో పొలం బిడ్డా, అడగకుండ ఎట్ల పోతం?" అన్నాను.

"అడిగేదేమున్నదమ్మా? పొలం ఆయనది, తొవ్వ అందరిది" అన్నది అమ్మాయి.

ఆ మాట నాకు అర్థం కావడానికి కొన్ని వారాలు పట్టింది. ఇంగ్లండు, వేల్సుల్లో ఇలా పొలాల నడుమ, బీళ్ళ నడుమ, ఇళ్ళ పెరళ్ళ పక్కనుంచి పోయే ప్రజల దారులు సుమారు 2 లక్షల 25 వేల కిలోమీటర్ల పొడవున ఉన్నాయట. ఒకప్పుడు చర్చికి, సంతకు, గనికి, పక్క ఊరికి జనం నడిచిన దారులే ఇవి. భూమి చేతులు మారినా దారి మీద జనం హక్కు మారదు. రైతు దారికి అడ్డంగా దున్నితే, గడువులోగా మళ్ళీ చదును చేసి దారి కనిపించేలా ఉంచాలి. పసుపు బాణం గుర్తు ఉంటే నడిచేవాళ్ళకు మాత్రమే. నీలం బాణం ఉంటే గుర్రాలకూ సైకిళ్ళకూ కూడా. గోడ అడ్డమొస్తే రాతిమెట్లు ఎక్కి దాటాలి, లేదా ఒక్క మనిషి మాత్రమే పట్టే ఊగుడు గేటులోంచి పోవాలి. గొర్రె మాత్రం దాటలేదు. వచ్చేవాడు ఏ గేటు ఎలా ఉందో అలాగే వదిలి వెళ్ళాలి. ఇదొక్కటే వాళ్ళు చేతులెత్తి అడిగే మర్యాద.

ఈ దారులన్నీ ప్రభుత్వ పటాల్లో అచ్చయి ఉంటాయి. ఆర్డ్‌నెన్స్ సర్వే అనే సంస్థ వేసే పటంలో 4 సెంటీమీటర్లు నేలమీద ఒక కిలోమీటరుకు సమానం. కాలిబాటలు ఆకుపచ్చ చుక్కగీతలుగా కనిపిస్తాయి. మా మనవరాలు ఆ పటాన్ని గడ్డిమీద పరిచి, దిక్సూచి పెట్టి, "అమ్మమ్మా, మనం ఇక్కడున్నాం" అని వేలు పెట్టి చూపేది. పదకొండేళ్ళ పిల్లకు పొలం గట్టు, వాగు, కొండవాలు కాగితంమీద చదవడం వచ్చు. నాకు నా ఊరి మ్యాపు ఎలా ఉంటుందో కూడా తెలియదు.

ఎక్కడికీ కాదు, ఊరికే నడక

నా మోకాలి సంగతి తెలిసి అమ్మాయి నన్ను మెల్లగా అలవాటు చేసింది. మొదట న్యూ మిల్స్ నుంచి హేఫీల్డ్ దాకా సెట్ లోయ దారి. ఒకప్పుడు అది రైలు మార్గం. 1970లో రైలు ఆపేశాక పట్టాలు తీసి నడకదారి చేశారు. నాలుగు కిలోమీటర్లు, చదునుగా, చెట్ల నీడన ఉంటుంది. చీర కట్టుకుని వెళితే తుప్పలు పట్టుకుంటాయని అల్లుడు ముందే పంజాబీ డ్రెస్సు, బూట్లు కొనిపెట్టాడు. ఆ బూట్లలో నన్ను నేను చూసుకుని నవ్వుకున్నాను. మావారుంటే రోజంతా ఏడిపించేవారు.

దారిలో ఎదురైన ప్రతివారూ పలకరించారు. ఎనభై ఏళ్ళ ముసలావిడ రెండు చేతుల్లో రెండు కర్రలు పట్టుకుని నన్ను దాటి చకచకా పోయింది. "ఆమె ఎక్కడికి పోతున్నట్టు?" అని మనవరాలిని అడిగాను.

"ఎక్కడికీ కాదమ్మమ్మా. నడుస్తోంది" అన్నది.

మనకు నడకంటే మొక్కు. తిరుమల మెట్లు ఎక్కుతాం, శ్రీశైలం నడుస్తాం, ఆషాఢంలో మా షోలాపూర్ వాళ్ళం దిండీతో కలిసి పండరిపురానికి నడుస్తాం. చివర దేవుడుంటేనే నడక. చివర ఏమీ లేకపోయినా నడవవచ్చని నాకు అప్పటిదాకా తోచలేదు. కానీ ఆ రోజు ఇంటికొచ్చి రెండేళ్ళలో మొదటిసారి మాత్ర వేసుకోకుండా నిద్రపోయాను.

ఒక్క అడుగు పక్కకు

హేఫీల్డ్ పక్కన బౌడెన్ వంతెన అని ఒక చోటుంది. పాత రాళ్ళ క్వారీ. గోడరాతికి ఒక పలక బిగించి ఉంది. జూన్ మూడో వారంలో ఒక శనివారం అక్కడ బండి ఆపి, కిండర్ స్కౌట్ అనే కొండ వైపు నడక మొదలుపెట్టాం. కొండ అంటే మన శిఖరాల వంటిది కాదు. 636 మీటర్ల ఎత్తున బల్లపరుపుగా పరచుకున్న బీడు. చుట్టూ తిరిగి వస్తే 13 కిలోమీటర్ల దాకా వస్తుంది. పలక దగ్గర నిలబడి అల్లుడు చెప్పిన కథ ఇది.

1932 ఏప్రిల్ 24, ఆదివారం. అప్పట్లో ఈ కొండ బీళ్ళు పెద్ద భూస్వాముల చేతుల్లో ఉండేవి. కిండర్‌లో చాలా భాగం డెవన్‌షైర్ డ్యూకుది. గ్రౌస్ అనే అడవికోడి జాతి పక్షిని వేటాడటానికి ఆ బీళ్ళను అట్టే పెట్టేవారు. వేట ఏడాదిలో కొద్ది రోజులే. మిగిలిన రోజులన్నీ కాపలాదార్లు కర్రలతో కాసేవారు. కొండకు ఒకవైపు మాంచెస్టర్, ఇంకోవైపు షెఫీల్డ్. పొగగొట్టాల కింద బతికే లక్షలాది కార్మికులకు వారానికి దొరికేది ఒక్క ఆదివారం. కళ్ళెదుట కొండ ఉన్నా కాలు పెట్టే వీల్లేదు.

ఆ రోజు ఈ క్వారీలో నాలుగు వందల మంది దాకా యువతీయువకులు పోగయ్యారు. బెన్నీ రోత్‌మన్ అనే ఇరవై ఏళ్ళ మాంచెస్టర్ కుర్రవాడు రాయెక్కి మాట్లాడాడు. రైల్వే స్టేషన్లో పోలీసులు కాచుకుని ఉంటారని అతను సైకిలెక్కి వచ్చాడట. అందరూ విలియం క్లఫ్ అనే వాగు లోయ వెంట పైకి నడిచారు. 1897 నుంచి ఆ వాగు వెంబడి జనానికి ఒక దారి ఉంది. దాని మీద నడిస్తే ఎవరూ ఏమీ అనరు. ఆ దారి వదిలి ఒక్క అడుగు పక్కకు వేస్తే పరుల భూమి. వాళ్ళంతా కావాలనే ఆ అడుగు పక్కకు వేసి వాలు ఎక్కారు. కాపలాదార్లతో తోపులాట జరిగింది. పైన, షెఫీల్డ్ వైపు నుంచి వచ్చిన బృందాన్ని కలుసుకుని జయజయధ్వానాలు చేసి దిగివచ్చారు. కింద పోలీసులు పట్టుకున్నారు. అయిదుగురికి రెండు నెలల నుంచి ఆరు నెలల దాకా జైలు పడింది. వేసిన శిక్ష అడుగు పెట్టినందుకు కాదు, అల్లరి మూకగా చేరినందుకు, కొట్టినందుకు అని. పరుల భూమిలో నడవడం ఆ రోజుల్లో అక్కడ నేరం కూడా కాదు, సివిలు తగాదా మాత్రమే.

ఇరవై ఏళ్ళ పిల్లలను జైలుకు పంపడం చూసి అప్పటిదాకా పట్టించుకోనివారు కూడా కదిలారు. 1949లో జాతీయ పార్కుల చట్టం వచ్చింది. ప్రతి జిల్లాలో ప్రజల దారులు గుర్తించి పటం గీయాలని అందులోనే పెట్టారు. 1951లో బ్రిటన్‌కు మొదటి జాతీయ పార్కుగా ప్రకటించింది ఈ పీక్ డిస్ట్రిక్టునే. 2000 చట్టంతో కొండబీళ్ళలో దారి వదిలి ఇష్టమైనట్టు తిరిగే హక్కు వచ్చింది. 2002లో, డెబ్భై ఏళ్ళకు, అప్పటి డ్యూకు ఇదే చోట జనం ముందు నిలబడి తన పూర్వీకుడు చేసింది తప్పని క్షమాపణ చెప్పుకున్నాడు. రోత్‌మన్ అది చూడలేదు. ఆ ఏడాది జనవరిలోనే పోయాడు.

అంతా అయిపోయిందనుకోకూడదు. అలా ఇష్టంగా తిరగగలిగింది ఇంగ్లండు నేలలో నూటికి 8 పాళ్ళే. స్కాట్లండులో మాత్రం 2003 చట్టంతో దాదాపు అంతటా హక్కు ఉంది. అడిగేవాళ్ళు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.

ఈ కథ వింటుంటే నాకు మా షోలాపూర్ గుర్తుకొచ్చింది. 1930 మే నెలలో గాంధీగారిని పట్టుకున్నారని మా మిల్లు కార్మికులు తిరగబడితే కొన్నాళ్ళు ఊళ్ళో తెల్లదొరల పాలనే లేకుండా పోయింది. ఆపైన మార్షల్ లా పెట్టారు. 1931 జనవరి 12న నలుగురిని యెరవాడలో ఉరితీశారు. ఆ నలుగురి పేరుమీద ఉన్న చౌకు దాటే మేము రోజూ బజారుకు పోతాం. అదే ఏడాది సెప్టెంబరులో గాంధీగారు లాంకషైర్ మిల్లుల ఊరు డార్వెన్ వెళ్ళి అక్కడి కార్మికులతో మాట్లాడారు. ఆ తర్వాత ఏడు నెలలకు ఈ కొండ మీద ఈ పిల్లలు. అక్కడా ఇక్కడా మిల్లుల వాళ్ళే. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి నేనెప్పుడూ ఆలోచించలేదు.

మిల్లు బండల మీద

విలియం క్లఫ్ లోయ ఎక్కడానికి నాకు మూడు గంటలు పట్టింది. వాగు ఆ గట్టుకీ ఈ గట్టుకీ మారుతూ రాళ్ళ మీదుగా తీసుకెళుతుంది. ప్రతి ఇరవై అడుగులకూ ఆగాను. అల్లుడు ఒక్కసారి కూడా "త్వరగా అత్తమ్మా" అనలేదు. ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చి, దూరంగా పోయి కొండను చూస్తూ నిలబడేవాడు.

పైన యాష్‌ప్ హెడ్ అనే కనుమ చేరేసరికి మబ్బు దిగింది. పది గజాల దూరంలో మనిషి కనిపించడం లేదు. ఇంకో వంద మీటర్ల ఎత్తు ఎక్కితే కొండ అంచు. అక్కడినుంచి కిండర్ డౌన్‌ఫాల్ అనే 30 మీటర్ల జలపాతం దాకా దారి. పడమటి గాలి గట్టిగా వీస్తే ఆ నీళ్ళు కిందికి పడకుండా పొగలా పైకి లేస్తాయి. అంతకుముందు వారం కింద చెరువు గట్టునుంచి ఆ వింత చూశాను. ఇప్పుడు మాత్రం అల్లుడు పటం చూసి, నా మోకాలు చూసి, "ఈ మబ్బులో వద్దత్తమ్మా. కొండ ఎక్కడికీ పోదు" అన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంతదూరం వచ్చి!

"సరే అమ్మా, ఇంకోటి చూపిస్త దా" అని అమ్మాయి నన్ను రెండో వైపుకు, మిల్ హిల్ వైపుకు తిప్పింది.

ఆ వైపు నేలంతా నల్లటి బురద. నాచు వేల ఏళ్ళుగా కుళ్ళీ కుళ్ళకుండా పేరుకుని మెత్తటి పరుపులా అయిన నేల, పీట్ అంటారు. కాలు పెడితే మోకాలి దాకా దిగుతుంది. దాని మీద ఎక్కడ చూసినా తెల్లటి దూది పింజలు. పత్తి గడ్డి అని దాని పేరు. నేను వంగి ఒక పింజ తుంచి వేళ్ళ మధ్య మెలిపెట్టి చూశాను. సాలెవాళ్ళ ఇంటి పుట్టుక, చెయ్యి ఊరుకోదు. పోగు సాగలేదు, పుటుక్కున తెగింది.

ఆ బురద మీదుగా మబ్బులోకి ఒక రాతి బాట పోతోంది. మన ఇళ్ళలో పరిచే షాబాదు ఫర్శీల్లాంటి పెద్ద పెద్ద బండలు, ఒకదాని తర్వాత ఒకటి. ఒక బండ నడుమ గుండ్రటి బెజ్జం ఉంది.

"ఇవి ఎక్కడివో తెలుసా అమ్మా? మూతపడ్డ బట్టల మిల్లులవి. మిల్లుల్లో నేలకు పరిచిన బండలు."

ఇది పెన్నైన్ దారి. ఇంగ్లండు నడుమన వెన్నెముకలా ఉన్న కొండల మీదుగా ఈడేల్ నుంచి స్కాట్లండు సరిహద్దు దాటి కిర్క్ యెట్‌హోమ్ దాకా 268 మైళ్ళు. 1965లో, కిండర్ గొడవ జరిగిన ఏప్రిల్ 24నే దీన్ని తెరిచారు. జనం ఎక్కువై నడిచి నడిచి బురదలో బాట విశాలమై నేల పాడైపోతుంటే, 1990ల ప్రాంతంలో పాత మిల్లుల బండలను హెలికాప్టర్లతో తెచ్చి ఇలా పరిచారు. ఒకప్పుడు ఆ మిల్లుల పొగే ఇక్కడి నాచును చంపిందట. అదే మిల్లుల నేల ఇప్పుడు మిగిలిన నేలను కాపాడుతోంది.

నేను కదలలేకపోయాను. మా తాత పాలమూరు వైపు నుంచి మగ్గం విప్పి బండిమీద వేసుకుని షోలాపూర్ చేరినవాడు. లాంకషైర్ బట్ట చవగ్గా దిగి మన చేనేత నడుము విరిచిన కథ మా ఇళ్ళలో పుస్తకం చదివి తెలుసుకున్నది కాదు. ఆ మిల్లులూ పోయాయి. మా ఊరి మిల్లులూ చాలావరకు పోయాయి. ఈ బండల మీద రోజంతా నిలబడి పనిచేసిన ఆడవాళ్ళ కాళ్ళు ఎంత నొచ్చాయో! వాళ్ళ పిల్లలే కదా ఆ ఆదివారం ఈ కొండ ఎక్కింది. నాకు ఎవరిమీదా కోపం రాలేదు. బూట్లు విప్పి, ఆ చలిలో, వట్టికాళ్ళతో ఆ బండమీద కాసేపు నిలబడ్డాను. మనవరాలు వింతగా చూసింది, కానీ తనూ ఒక బూటు విప్పింది.

శిఖరం చూడకుండానే వచ్చిన దారిన దిగివచ్చాం.

వెళ్ళదలచినవారికి

పిల్లల దగ్గరికి వెళ్ళే మన పెద్దవాళ్ళు ఇంట్లో టీవీ ముందు కూర్చోకుండా తప్పక నడవాలని నా మనవి. మే నుంచి సెప్టెంబరు మంచి కాలం. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగుంటుంది. ముందు చదును దారులతో మొదలుపెట్టండి. ఎండగా ఉన్నా వానకోటు, ఉన్ని బట్ట, మంచి పట్టున్న బూట్లు, కాగితపు పటం వెంట ఉండాలి. కొండమీద ఫోను పనిచేయకపోవచ్చు. పులిహోర, పెరుగన్నం బ్రహ్మాండంగా పనికొస్తాయి. కుక్కను తీసుకెళితే మార్చి నుంచి జూలై దాకా కొండబీళ్ళలో గొలుసు విప్పకూడదు, అది పక్షులు పొదిగే కాలం. మబ్బు దిగితే వెనక్కు తిరగడంలో సిగ్గు లేదు.

మా మారుతి గుడి దారి

ఆగస్టులో ఇంటికి వచ్చాను. మా పేట వెనక నుంచి మారుతి గుడికి ఒక అడ్డదారి ఉండేది. జొన్న చేల మధ్యగా పావుగంట నడక. మావారు ముప్ఫై ఏళ్ళు ప్రతి ఉదయం ఆ దారిన పోయేవారు. ఆయన పోయాక నేను ఒక్కసారి కూడా అటు పోలేదు. కరోనా రోజుల్లో మిగతావాళ్ళూ మానేశారు. వచ్చి చూస్తే ఆ దారికి అడ్డంగా గోడ లేచి ఉంది. ప్లాట్లు వేస్తున్నారట. ఎప్పుడు కట్టారని అడిగితే ఏడాది దాటిందన్నారు. ఏడాదిగా నేను చూడనేలేదు!

నలుగురం ఆడవాళ్ళం కలిసి తెలిసిన వకీలు దగ్గరికి పోయాం. పొలం దారికి అడ్డుపెడితే తహసీల్దారు ముందు ఫిర్యాదు చేయడానికి 1906 నాటి మామలేదారు కోర్టుల చట్టం ఉందట. అయితే అడ్డుపెట్టిన ఆరు నెలల్లో అడగాలి. మేము ఆలస్యం చేశాం. 1882 నాటి చట్టంలో ఇరవై ఏళ్ళు అడ్డులేకుండా, బాహాటంగా నడిచిన దారికి హక్కు అడగవచ్చని కూడా ఉందట. ఇంగ్లండులో కూడా ఆ ఇరవై ఏళ్ళ లెక్కే. "ముందు పాత గ్రామ నక్షా చూడండి. అందులో దారి గీసి ఉంటే అది సర్కారుది. అప్పుడు ఆరు నెలల గడువు మీకు అడ్డు కాదు" అన్నాడాయన.

నక్షా తీయించాం. మా మనవరాలు నేర్పిన విధంగా బల్లమీద పరిచి, దిక్కులు సరిచూసుకుని, మా పేట మీద వేలు పెట్టి అక్కడినుంచి జరిపాను. ఉంది. రెండు చుక్కగీతలు, గుడి దాకా. మేము పాణంద అని పిలిచే దారే.

దరఖాస్తు ఇచ్చి చాలా కాలమయింది. ఇంకా తేలలేదు. తేలుతుందో లేదో చెప్పలేను. కానీ ప్రతి శనివారం ఉదయం ఏడుగురెనమండుగురం ఆ గోడ దాకా నడిచి, గోడ వెంబడి చుట్టు తిరిగి గుడికి పోయి వస్తున్నాం. నేను ఆ ఇంగ్లండు బూట్లే వేసుకుంటున్నాను. గుడి మెట్ల దగ్గర విప్పుతాను.